వెయ్యి వాట్ల చోటు

"కెటిల్ పెడుతున్నా," అని వంటింట్లోంచి నోలీన్ కేక వేసింది.

వరండాలో బ్యాటరీ మీటరు ముందు నిలబడ్డ గార్త్ కాసేపు ముల్లు వంక చూసి, "పెట్టుకో. పంపు ఆపేశాలే," అన్నాడు.

ఆ ఇంట్లో రోజూ తెల్లవారేది ఇలాగే. టాస్మేనియాలో హ్యువన్ నది పైన కొండవాలున ఉన్న ఆ ఇంటికి కరెంటు తీగ లేదు. కప్పు మీది సోలార్ పలకలు, వెనక గదిలోని బ్యాటరీలు అన్నీ గార్త్ తన చేతులతో బిగించుకున్నవే. అందుకే అడక్కుండా ఎవరూ స్విచ్ వెయ్యరు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు సైతం తడిజుట్టుతో వరండాలోకి వచ్చి, డ్రయ్యర్‌తో ఆరబెట్టుకోవచ్చా అని అడగాల్సిందే.

వాళ్ల కూతురు టామ్‌సిన్ మెల్‌బోర్న్‌లో చదువు ముగించుకుని ఆ శీతకాలమే ఇంటికి వచ్చింది. బొమ్మల సినిమాలు తీసేవాళ్ల దగ్గర ఉద్యోగం దొరికింది. పని ఇంట్లోంచే చేసుకోవచ్చు, కానీ గట్టి కంప్యూటర్ తనే సమకూర్చుకోవాలి. ఒక్కొక్క భాగమే తెప్పించి గదిలో పేర్చుకుంది. ఇక మిగిలింది పవర్ సప్లై. ఇంటి కరెంటు తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనుప పెట్టె అది. అది చాలకపోతే, బొమ్మలు గీసే కార్డు ఒక్కసారిగా ఊపందుకున్న క్షణంలో యంత్రం టప్పున ఆగిపోతుంది. పొద్దుట్నుంచి చేసిన పనంతా గంగలో కలిసినట్టే. అందుకని టామ్‌సిన్ వెతికి వెతికి వెయ్యి వాట్లది ఎంచుకుంది.

ఆ పొద్దున టోస్టు తింటూ ఫోనులో దాని బొమ్మ తండ్రికి చూపించింది. గార్త్ కళ్లద్దాలు సర్దుకుని అంకె చదివాడు. ఆ ఇంట్లో ఏ వస్తువు గడప దాటాలన్నా ముందు దాని వెనక రాసిన వాట్లు చదవడం ఆయనకు అలవాటు.

"వెయ్యా? ఈ చలికాలం ఎండ ఎంతసేపు ఉంటుంది తల్లీ? ఐదువందల యాభైది చూడు."

"అది కాదు నాన్నా, ఆ వెయ్యి అంటే..."

అప్పటికే ఆయన టోపీ పెట్టుకుని షెడ్డు వైపు నడిచాడు. మర్నాడూ అంతే అయింది. మూడోసారి టామ్‌సిన్‌కి ఓపిక నశించింది. ఈ ఇంట్లో మనుషుల కన్నా బ్యాటరీలకే మర్యాద ఎక్కువని అనేసింది. గార్త్ ఆమె వంక ఒకసారి చూసి, ట్రక్కు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆయనకి తిన్నగా వినడం రాదు, నీకు తిన్నగా చెప్పడం రాదు. మధ్యలో నా చెవులు వాచిపోతున్నాయి," అంది నోలీన్.

ఆ తర్వాత తండ్రీకూతుళ్ల మధ్య మాటలు ఉప్పు అందించమనేదాకా వచ్చి ఆగిపోయాయి. ఆయన ఎప్పుడు చూసినా షెడ్డులోనో, ట్రక్కులోనో ఉన్నాడు. తనకి మొహం చాటేస్తున్నాడని టామ్‌సిన్ మనసు చివుక్కుమంది. ఈ కొండ మీద బతకాలనే కదా ఆ ఉద్యోగం వెతుక్కుంది. పిల్లప్పటి గది, కిటికీలోంచి నది మీద పాకే పొగమంచు, అమ్మ చేతి సూపు, ఇవన్నీ వదులుకుని మళ్లీ ఊళ్లో ఇరుకు గదికి పోవాలా?

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేసింది. హోబార్ట్ పట్నంలో ఒక గది చూసుకుందట. అక్కడ కరెంటుకి ఎవర్నీ అడగక్కర్లేదట.

నోలీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. గార్త్ ఫోర్కు కింద పెట్టాడు.

"గది దేనికి? నీ వెయ్యికి చోటు చేసేశాగా."

"చోటేంటి?"

ఆయన లేచి, రమ్మన్నట్టు తల ఊపి వెనక్కి నడిచాడు. బట్టలుతికే గదిలో పెద్ద ఫ్రీజర్ మూతకి కర్ర ఆనించి తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు, శుభ్రంగా తుడిచి ఉంది. గొర్రె మాంసం, చిన్న కంగారూలా ఉండే వాలబీ మాంసం, నోలీన్ వేసవిలో కోసి దాచిన రాస్ప్‌బెర్రీలు అన్నీ కొండ కింద ఉండే పొరుగాయన మెర్వ్ ఇంటికి చేరిపోయాయి. పక్కనే బీరు ఫ్రిజ్ ప్లగ్గు ఊడదీసి ఉంది. వెనక తలుపులోంచి కనిపిస్తున్న షెడ్డులో కొయ్యగిన్నెలు చెక్కే లేతు యంత్రం కూడా ఆపేశాడు. దాని తీగ చుట్టచుట్టి మేకుకు వేలాడుతోంది. బల్ల మీద చేత్తో తొలిచే ఉలి, సగం అయిన గిన్నె.

"మూడూ కలిపితే వెయ్యి దాటుతుంది," అన్నాడు గార్త్, మీటరుకి చెప్పినట్టు.

ఆయన ట్రక్కేసుకుని పోయిందంతా ఇందుకేనని టామ్‌సిన్‌కి అప్పుడు అర్థమైంది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"నాన్నా, వెయ్యి అది తినేది కాదు, మోయగలిగేది. నీ ట్రక్కు మీద టన్ను అని రాసుంది. రొట్టె తేవడానికి వెళ్లినప్పుడు టన్ను మోస్తుందా?"

గార్త్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మరి ఎంత తింటుంది?"

ఒళ్లు వంచి పనిచేస్తే నాలుగువందలు, ఊరికే ఉంటే వంద అని చెప్పింది. చిన్నదైతే ఊపిరాడక వేడెక్కి, కరెంటు ఇంకా దండగ చేస్తుందని కూడా చెప్పింది. దండగ అన్న మాటకి ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వుంటేగా వినడానికి."

"మెర్వ్ ఈపాటికి నా రాస్ప్‌బెర్రీలు సగం మింగేసుంటాడు," అంది నోలీన్ గుమ్మంలోంచి. కొంగు లేదు గనక చేతిగుడ్డతోనే కళ్లు ఒత్తుకుంది.

"వెయ్యిదే తెప్పించు," అన్నాడు గార్త్. "మోసేదానికి కాస్త ఊపిరి ఉండాలి." ఫ్రీజర్ ప్లగ్గు అందుకోవడానికి వంగాడు.

టామ్‌సిన్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఖాళీ పెట్టెను ఇంకో నిమిషం చూడాలనిపించింది. మూలల్లో మంచు కూడా గీకి తీసేశాడు. తనకి కావాల్సిన దానికి రెండింతలకు పైగా చోటు. నోటితో వద్దంటూనే చేత్తో చేసిన చోటు.

"థాంక్స్ నాన్నా," అంది. ఆ ఇంట్లో అలాంటి మాటలు పైకి అనుకోరు. అయినా అంది, రెండోసారి కూడా అంది.

గార్త్ ఎటు చూడాలో తెలియక ఫ్రీజర్‌లోకి చూశాడు.

"సరే, సరే. ఆ మూత పట్టుకో, కర్ర తీస్తాను."