మాట ఎరిగిన సాక్షి

మందలో నూట నలభై గొర్రెలు. వాటిలో ఒక్కటీ చూడి కట్టలేదు.

కార్తెలు పేర్లకే మిగిలిన కాలం అది. రోహిణి ఎండ మాఘంలోనే మొదలయ్యేది. రాళ్లచెలిమ ఊరి మందల మీద, తేలిక వాయువు నింపిన తిత్తుల ఊతంతో, నీడపటాలు తేలుతూ ఉండేవి. మంద ఎటు నడిస్తే పటం అటు నడిచేది. ప్రతి గొర్రె చెవికీ గోరంత బిళ్ల ఉండి, దాని ఒంటి సంగతి కాపరి చెవిలో చెప్పేది.

"బొల్లిది, చూడి లేదు. మొండిచెవిది, చూడి లేదు."

రెండేళ్లుగా సుంకన్న వింటున్నది ఇదే. పొట్టేళ్లలో లోపం లేదు, మేతలో లోపం లేదు. మందలో సగం పళ్లరిగిన ముసలివే. ఈ ఏడు కూడా ఈనకపోతే తాత నాటి నుంచి వస్తున్న మంద ఆయనతోనే ఆఖరు. చేసింది ఎండ కాదని, రెండున్నరేళ్ల నాడు తమ్ముని కూతురు వేసిన సూదేనని ఆయనకు అనుమానం పుట్టింది. రుమాలు తలకు చుట్టుకొని పెన్న ఒడ్డున ఉన్న జీవశాస్త్ర కేంద్రానికి బయలుదేరాడు.

తమ్ముని కూతురు హంసిక ఆ కేంద్రంలో పెద్ద శాస్త్రజ్ఞురాలు. గొర్రె కణాల్లోని జన్యువులను సవరించి, యాభై డిగ్రీల ఎండను కూడా తట్టుకునేలా చేసింది ఆమే. కానీ ఆమెకు పేరు తెచ్చింది గొర్రెలు కాదు, సమ్మతి పట్టీ.

వెనకటికి ఆసుపత్రుల్లోనూ పరిశోధనల్లోనూ జనం చదవని కాగితాల మీద వేలిముద్రలు వేసేవారు. గంగిరెద్దులా తలూపితే దాన్నే ఒప్పుదల అనేవారు. హంసిక కనిపెట్టిన పట్టీ మణికట్టుకు చుట్టుకునేది. చెప్పేది వింటున్నప్పుడు మనిషి నాడి, చెమట, గొంతు నరాల్లో పుట్టే సన్నటి విద్యుత్తు, ఈ మూడింటినీ కలిపి చదివి, మాట మనసులోకి దిగిందా లేదా అన్నది అది తేల్చేది. నోరు సరే అన్నా మనసు అనకపోతే పట్టీ ఒప్పుకోదు. ఇక ఎవరూ ఎవరినీ మోసం చేయలేరని పేపర్లు రాశాయి.

కేంద్రంలో హంసిక ఎదురొచ్చి కుర్చీ వేసింది.

"ఏం పెద్దనాయనా, చెప్పకుండా వస్తివి?"

"గొర్రెలు ఈనడం లేదు పాపా. నువ్వు వేసిన సూదిలో ఏముండాది?"

ఆమె ఇంకో కుర్చీ లాక్కొని కూర్చుంది. తర్వాత, "సంతానతాళం ఉండాది," అంది. "సవరించిన జన్యువు అడివి జీవాలకు అంటుకోకుండా, చూడి కట్టకుండా వేసే తాళం. ఆ పొద్దు అంతా చదివి వినిపిస్తిని గదా. ఇరవై రెండు పేజీలు. నువ్వు ఊ అంటివి."

"ఊ అంటే?"

"ఊ అంటే..."

"కథ చెప్పేవాళ్లకు ఊ కొడతాం. కొట్టకపోతే చెప్పేవాళ్లు నిద్రపోయినామనుకుంటారు. నువ్వు మన ఇంట్లో పుట్టినదానివి, నీకు తెలీదా పాపా?"

ఒప్పందం చేసిన మనిషి అడిగితే ఆ రోజు నమోదైనదంతా పట్టీ తానే చెప్పి తీరాలి. అది చట్టం. బల్ల మీదున్న పట్టీని సుంకన్నే అడిగాడు. పట్టీ నెమ్మదిగా, పంతులు పాఠం చెప్పినంత స్పష్టంగా మాట్లాడింది.

"ఆ రోజు మీరు నూట పదిహేడు సార్లు ఊ అన్నారు. నూట పదిహేను సార్లు, వింటున్నాను చెప్పు అనే ఊ. ఒకసారి గొంతులో గరగర. ఒక్కసారే సమ్మతి."

"అదెప్పుడు?"

"మజ్జిగ తాగుతావా పెద్దనాయనా, అని అడిగినప్పుడు."

సుంకన్న హంసిక వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూసింది.

"ఈ గడియారమంత దానికి తెలిసింది. నీకు తెలీలేదా?"

"తెలిసింది." ఆమె గొంతు తగ్గింది. "మళ్లా అడిగితే వద్దంటావని గూడా తెలుసు. నీ మంద లాంటి మంద ఈ జిల్లాలో ఇంకోటి లేదు పెద్దనాయనా. పదేండ్ల పని నాది."

"వద్దనే వానిని అడగకపోవడమా నీ పదేండ్ల సదువు?"

ఆమె తల దించుకొనే మిగతాది చెప్పింది. ఒక్కో ఇంట్లో ఒక్కో మాటకు ఒక్కో అర్థం ఉంటుంది. అందుకని, పట్టీకీ నోటికీ పొత్తు కుదరనప్పుడు, ఆ ఇంటి మనిషినొకరిని 'మాట ఎరిగిన సాక్షి'గా పిలిచి అడగవచ్చునని చట్టంలో ఉంది. సాక్షి చెప్పిందే ఆఖరు. ఆ రోజు సుంకన్న మంద దగ్గరికి వెళ్లాక ఆమె అలా ఒకరిని పిలిచింది.

"ఎవరిని పిలిస్తివి?"

ఆమె పట్టీని ఆయన వైపు జరిపింది. పట్టీ వినిపించింది. ఆ గొంతు వినగానే సుంకన్న కుర్చీలోంచి లేచాడు.

"మా ఇంట్లో ఊ అంటే సరే అనే. రాసుకోండి."

నాగవేణి గొంతు అది. ఆయన భార్య. ఈ రెండేళ్లూ గొర్రెల పొట్టలు తడిమి చూసి, ఈసారీ లేదు గదప్పా అని ఆయనతోపాటు నిట్టూర్చిన మనిషి.

"సాక్షి అబద్ధమాడినట్టు పట్టీ ముందర తేలితే ఒప్పందం రద్దయితాది," అంది హంసిక. "అప్పుడు తాళం తీసే మందు నేను ఇయ్యాల్సిందే. నా పని పోతే పోనీ పెద్దనాయనా, తీసుకపో."

సుంకన్న పట్టీని రుమాలు కొంగున కట్టుకొని ఇంటికొచ్చాడు. నాగవేణి అరుగు మీద కంది బేడలు చెరుగుతోంది. ఆయన పక్కన కూర్చొని ఆమె చేతికి పట్టీ చుట్టాడు. ఆమె దాన్ని గుర్తుపట్టింది. చాట పక్కన పెట్టింది.

"చెప్పిందా ఆ పాప?"

"పాప చెప్పలేదు. నీ గొంతే చెప్పింది. తాళం సంగతి నీకు తెలుసునా?"

"అంతా కూర్చొని వింటిని గదా. తెలుసు."

"తెలిసి గూడా..."

"పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లు. ఏడాదికి పది నెల్లు నువ్వు మంద యెనక. ఆ మంద అయిపోతే ఇంటి పట్టున ఉంటావనుకుంటిని."

సుంకన్నకు ఏదో అనాలని ఉంది. మంద ముందు, కోపం తర్వాత అనుకున్నాడు.

"అయ్యిందేదో అయ్యింది. అబద్ధం చెప్పినానని దీని ముందర ఒక్క మాట అను. గొర్రెలు బతుకుతాయి."

ఆమె ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. పట్టీని నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"నేను ఆ పొద్దు అబద్ధం చెప్పినాను."

పట్టీ ఎర్రగా వెలిగింది. "ఈ మాట అబద్ధం," అంది.

సుంకన్న పట్టీ ఊడదీసి, తుడిచి, మళ్లీ కట్టాడు. ఆమె మళ్లీ అంది. పట్టీ మళ్లీ అదే చెప్పింది.

"దాన్ని యెంత తుడిచినా ఏం లాభం," అంది నాగవేణి. "నేను చెప్పింది నిజమే గదా. మా తమ్మునికి ఇటికల బట్టీ కాడి చేను రాసిద్దామా అంటే ఊ అంటివి. రాసిస్తిని. బోరు ఈ మూల వేద్దామా అంటే ఊ అంటివి. ఏపిస్తిని. వేరే మాట ఎప్పుడన్నా చెప్పినావా నాకు? నీ ఊ ని సరే అనుకోకపోతే నేను ఈ ఇంట్లో ఎట్ల బతకాల?"

"నేను విన్నది ఎక్కడే అవన్నీ..."

"పెండ్లయిన ఏడో ఏడు, నువ్వు కర్నూలు పక్క మేపుకు పోయింటివి. కడుపులో గడ్డలుండాయి, గర్భసంచి తీసేయాలంటాండారు, తీయించుకోనా అని ఫోన్ చేస్తిని. ఊ అంటివి."

ఎక్కడో మంద అరుస్తోంది. సుంకన్న ఆ వైపు తిరగలేదు.

"నువ్వొచ్చేసరికి కుట్లు మానిపోయినాయి. ఎట్లుండావని నువ్వు అడుగుతావేమోనని చూస్తిని. అడగలేదు."

"వేణీ." ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "బిడ్డ కోసమని ఇరవై ఏండ్లు జాతరలో పొట్టేళ్లు కోస్తిని. ఏటా నీకు చెప్పే కోస్తిని గదే. ఒక్కనాడన్నా వద్దనలేదే నువ్వు."

"చెప్తివి," అంది ఆమె. "నేను గూడా ఊ అంటిని."

పట్టీని ఇద్దరిలో ఎవరూ ఏమీ అడగలేదు. అది తనంతట తానే పచ్చగా వెలిగి, "నిజం," అంది.