పాతరలో ఊఁ కొట్టేది

బసప్పకు నలభై ఏడేళ్ళు. ఆయన గురువు మున్వర్‌కు ఇరవై నాలుగు. పొద్దున్నే గురువుగారు సైకిల్ దిగి, "ఏం మామా, పలకా బలపం తెచ్చుకున్నావా?" అని అడుగుతాడు. శిష్యుడు పైపు పానా భుజాన వేసుకుని కిక్కురుమనకుండా వెనకాల నడుస్తాడు. ఆదోని బజారులో ఈ ఊరేగింపు చూసి నవ్వుకోని అంగడి లేదు.

బసప్ప ఎమ్మిగనూరు మనిషి. ముప్ఫై ఏళ్ళు గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేశాడు. నూలు పిరమై, చీరల బేరం చల్లబడి, ఆఖరికి మగ్గం కట్టెలు పొయ్యిలోకి పోయాక భార్య హులిగమ్మతో ఆదోని చేరాడు. ఆమెకు జిన్నింగు మిల్లులో పని దొరికింది. రోజంతా దూదిపింజల మధ్య నిలబడి, రాత్రంతా దగ్గుతుంది. ఆ దగ్గు వింటూ పడుకోలేక, లేచి తిరగలేక, ఆయన గోడకానుకుని కూర్చుంటాడు. ఇళ్ళకు కుళాయిలు వస్తున్న కాలం, పైపుల పని వచ్చినవాడికి రోజూ కూలి ఉంటుందని ఎవరో చెబితే, సిగ్గు చంపుకుని మున్వర్ దగ్గర చేరాడు.

పని బాగానే పట్టుబడింది. ఒక్కటే చిక్కు. పైపు మర మీద జనపనార నాలుగు చుట్లు చుట్టి, తెల్ల సఫేదా పూసి బిగిస్తే చాలు. బసప్ప చేతికి దారం దొరికితే ఆగదు. పోగు పక్కన పోగు, సందు లేకుండా, నేత నేసినట్టు చుడతాడు. అది కూడా నిలబడి చుట్టడు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చతికిలబడి, పైపును ఒళ్ళో పెట్టుకుని చుడతాడు. "పైపుకు పెండ్లి చీర కడతాండావా మామా?" అంటాడు మున్వర్. తిట్టడు. పొద్దు పోవడానికి ఆ మాత్రం వేళాకోళం వాడికి కావాలి, అంతే.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మునిసిపాలిటీ కొత్త నిబంధన పెట్టింది. లైసెన్సు లేనివాడు కుళాయి ముట్టకూడదు. లైసెన్సు కావాలంటే ఒక పని మొదలు నుంచి చివరిదాకా ఆ మనిషే చేశాడని మున్వర్‌లాంటి లైసెన్సున్న మేస్త్రీ సంతకం పెట్టాలి. కాగితాలకు ఆఖరు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. ఇంద్రసేనయ్య శెట్టి ఇంట్లో పని కుదిరింది కూడా ఆ శుక్రవారమే. అక్కడ బిగించే పైపు జాయింటు నీరు కారకుండా, గాలి పీల్చకుండా నిలబడితే బసప్ప మేస్త్రీ అవుతాడు, హులిగమ్మ మిల్లు మానేస్తుంది. నిలబడకపోతే, ఈ వయసులో మళ్ళీ ఇంకో పని నేర్పేవాడెవడు?

శెట్టి ఇంటి పెరట్లో పాత జొన్నల పాతర ఉంది. పన్నెండడుగుల లోతు, కుండలాంటి కడుపు, మనిషి ఒక్కడు పట్టే మూతి. వెనకటి రోజుల్లో అందులో జొన్నలు పోసి మూసేవారు. ఇప్పుడు శెట్టి దానికి సిమెంటు పూయించాడు. మూడు రోజులకోసారి వచ్చే కుళాయి నీళ్ళు అందులో నింపి, వంటింటి వసారాలో చేతి పంపు పెట్టి తోడుకోవాలని ఆయన ఆశ. పంపు నుంచి పైపు నేలలోంచి పోయి, పాతర గోడలోంచి లోపలికి నుదుటి ఎత్తున బయటపడింది. దాని కొనకు వంపు ముక్క కూడా బిగించి ఉంది. ఇక లోపలికి దిగి, ఆ వంపుకు కింది పైపు తగిలించాలి. రెండు గంటలకు కుళాయి వదులుతారు. ఈ లోపే కావాలి.

మున్వర్‌ది తాలీంలో కుస్తీలు పట్టి పెంచిన ఒళ్ళు, పాతర మూతిలో భుజాలు కూడా పట్టవు. పైగా ఇది బసప్ప పరీక్ష. నడినెత్తిన ఎండ పేలుతుండగా ముందు లాంతరు మనిషి మొహం ఎత్తుదాకా దించారు. దీపం ఆరలేదు. కింది పైపు, నార, సఫేదా, పానా దించారు. తర్వాత బసప్ప నడుముకు మోకు కట్టి, మున్వర్ రెండు మాటలు చెప్పాడు. లోపల చెడుగాలి అడుగునే ఉంటుంది కాబట్టి ఏమైనా సరే కూర్చోవద్దు. రెండోది, తాను పైనుంచి కథ చెబుతుంటాడు, బసప్ప ఊఁ కొడుతుండాలి. ఊఁ ఆగితే మోకు లాగేస్తాడు.

"కథ నీ మీదే మామా. నిద్రొస్తే నా తప్పు గాదు," అన్నాడు.

బసప్ప దిగాడు.

లోపల చల్లగా ఉంది. తడి సిమెంటు వాసన, దాని కింద ఇంకేదో పులిసిన వాసన... ఏనాటి జొన్నలో గోడల్లోనే ఇంకా నానుతున్నట్టు. పైన మూతి తెల్లటి పళ్ళెంలా కనిపిస్తోంది. అక్కడ మిట్టమధ్యాహ్నం, ఇక్కడ దీపాలు పెట్టే వేళ. ఊపిరి వదిలితే గోడ చుట్టూ తిరిగి మళ్ళీ చెవి దగ్గరికే వస్తోంది.

లాంతరు వంపు ముక్కకు తగిలించి, పైపు తీసుకున్నాడు. పైనుంచి కథ మొదలైంది.

"అనగనగా ఎమ్మిగనూరులో ఒక నేతాయన ఉండ్య."

"ఊఁ."

"పైపుకు నార సుట్టమంటే పెండ్లి చీర కట్టినాడంట."

"ఊఁ," అన్నాడు బసప్ప నవ్వుకుంటూ. నవ్వుకుంటూనే నార తీసి, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, హాయిగా చతికిలబడ్డాడు. పైపు ఒళ్ళోకి వచ్చింది. గుంతలో కూర్చోవడం ఆయనకు కొత్తా? తన మగ్గం దగ్గరికి తాను చేరినట్టే ఉంది. ఒక చుట్టు. రెండో చుట్టు.

"ఆ చీర జూసుకోని పైపుకు సిగ్గేసింది. నీళ్ళు ఇడువనంటాది."

"ఊఁ."

"ఊఁ."

బసప్ప వేళ్ళు ఆగాయి. రెండో ఊఁ తనది కాదు. పాతర కదా, మాట తిరిగొచ్చింది అనుకున్నాడు.

పైనుంచి మున్వర్ నవ్వు. "రొండు మార్లు ఎందుకు మామా, ఒగటి సాలు."

ఓహో, వీడే పైనుంచి గొంతు మార్చి ఆడిస్తున్నాడు అనుకున్నాడు బసప్ప. వేళాకోళం వీడికి పుట్టుకతో వచ్చింది కదా. సరే, చూద్దాం, ఈసారి నేనననులే అని మూతి బిగించి కూర్చున్నాడు.

"ఇంగేం జేస్తారు, పైపును అత్తగారింటికి సాగనంపాల్సి వచ్చె."

బసప్ప నోరు తెరవలేదు.

"ఊఁ."

వీపు వెనకనుంచి వచ్చింది. పైనుంచి కాదు. ఆ ఊఁ అన్నదాని ఊపిరి మెడకు తగిలింది. చల్లగా... పులిసిన జొన్నల వాసనతో.

తల తిప్పాలనుకున్నాడు. మెడ తిరగలేదు. లేవాలనుకున్నాడు. కాళ్ళు తనవి కానట్టు ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కూర్చోవద్దన్న మాట. లాంతరు పైన నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. చెడుగాలి దానిదాకా ఎక్కలేదు. ఆయన ముక్కుదాకా ఎక్కింది.

మున్వరూ, లాగు... అన్నాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"రెండెద్దుల బండి కట్టి, ఉరుకుంద దారి పట్టినారు," అంది పై గొంతు.

"ఊఁ."

"దావలో పైపుకు దప్పికైంది."

"ఊఁ."

ఊఁ వస్తున్నంతసేపూ పైవాడు మోకు లాగడు. బసప్పకు అది అర్థమైంది. వాడు కథ ఎంత బాగా చెబితే తను అంత తొందరగా చస్తాడు. వాడేమో ఈ రోజు మంచి హుషారులో ఉన్నాడు.

ఎదుటి గోడ మీద తన నీడ పడి ఉంది. ఆయన వేలు కూడా కదలడం లేదు. నీడ మాత్రం తల ఊపుతోంది. కథ నచ్చినవాళ్ళు ఊపినట్టు, మెల్లగా, కిందికీ పైకీ...

లాంతరు ఊగుతోందేమో. లాంతరే. లాంతరే అయ్యుండాలి.

హులిగమ్మ దగ్గు వినిపించింది. చాలా దూరంగా, ఎవరిదో అన్నట్టు. పైపు ఒళ్ళోంచి జారి పక్కకు దొర్లింది. చుట్టిన రెండు చుట్లూ ఊడి నార నేలమీద పడింది. జాయింటు పోయింది అనుకున్నాడు. చచ్చేవాడికి జాయింటు సంగతెందుకో... అయినా అదే అనుకున్నాడు.

అప్పుడు పైన ఇంకో గొంతు. ముసలిది. శెట్టిగారి తల్లి అలివేలమ్మ.

పాతర కాడ కథలేందని ఆమె అడుగుతోంది. లోపల బసప్ప మామ ఉన్నాడని, బాగానే ఊఁ కొడుతున్నాడని మున్వర్ చెబుతున్నాడు. ఆమె వంగి పాతర మూతికి చెవి పెట్టింది. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. పన్నెండడుగుల కింద ప్రతి మాటా వినబడింది.

"ఈ ఇంట్లో ఊఁ నమ్మం నాయనా. పేరడుగు."

"మామా," అన్నాడు మున్వర్. "నీ పేరేంది?"

"ఊఁ."

"యాళాకోళం సాలు మామా. పేరు సెప్పు."

"ఊఁ." ఈసారి చిరాకుగా. కథ మధ్యలో ఆపితే చిన్నపిల్లలు మారాం చేసినట్టు.

"పేరు..."

"ఊఁ. ఊఁ. ఊఁ."

మోకు నడుమును కోసేస్తున్నట్టు బిగిసింది.

కళ్ళు తెరిచేసరికి వేపచెట్టు నీడలో తడి గుడ్డ మీద ఉన్నాడు. మున్వర్ అరచేతులు మోకు ఒరుసుకుని రక్తాలు కారుతున్నాయి. వాడి మొహంలో వేళాకోళం ఇసుమంతైనా లేదు. అలివేలమ్మ ముందు పేరడిగింది. బసప్ప, ఎమ్మిగనూరు, అని ఆయన చెప్పాకే నీళ్ళు తాగనిచ్చింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో రంగప్ప అనే మనిషి జొన్నలెత్తడానికి దిగాడు. పైవాళ్ళు కథ చెబుతూ కూర్చున్నారు. పొద్దుగూకేదాకా ఊఁ కొట్టాడు. తీసి చూస్తే ఒళ్ళు కట్టెలా బిగుసుకుని ఉంది. పొద్దుననే పోయుంటాడని వైద్యుడన్నాడు.

అయితే రంగప్ప దెయ్యమయ్యాడా అని మున్వర్ గొణిగాడు.

"పిచ్చోడా," అందామె. "ఆ పొద్దు వాని పక్కన ఊఁ కొట్టింది ఎవురు మరి?"

బసప్ప లేచి కూర్చున్నాడు. జాయింటు కాలేదు, పైపు కింద పడి ఉంది అని చెప్పాలి. చెప్పబోయేలోపే రెండయింది. కుళాయి వదిలారు. పాతరలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు పెరడంతా నిండింది. ఇక ఎవరూ దిగరు, దిగనివ్వరు. ఆయన గోడ పట్టుకుని వసారాలోకి వచ్చి పంపు పక్కన నిలబడ్డాడు. ఒకచోట నిలవలేక ఆ కొసకూ ఈ కొసకూ నడిచాడు. గంట గడిచింది. లోపల నీళ్ళు నడుముదాకా వచ్చాయని మున్వర్ కేకేశాడు. శెట్టి పైపంచె బిగించి పంపు పిడి పట్టుకున్నాడు.

గాలి వస్తుంది. గర్రుమని ఉత్తి గాలి వస్తుంది. నలుగురిలో నా బతుకు ఇంతే అని తేలిపోతుంది. బసప్ప కళ్ళు మూసుకున్నాడు.

ఒక దెబ్బ. రెండు. మూడు.

నీళ్ళు. ధారగా, చేయంత లావున, తెగకుండా.

శెట్టి మొహం విప్పారింది. అవతల మున్వర్ పాతర మూతి దగ్గర పడుకుని, అద్దం ముక్కతో ఎండ లోపలికి కొట్టి తొంగి చూసి వచ్చాడు. జాయింటు అద్భుతంగా ఉందన్నాడు. నార పోగు కూడా బయటికి కనబడలేదట, సఫేదా వేలితో తుడిచినట్టు నున్నగా ఉందట. పానా లోపలే మరిచావు, పోనీలే అన్నాడు. ఊపిరాడని చోట కూడా పని ముగించే వచ్చాడని శెట్టికి గర్వంగా చెప్పాడు.

టైము నాలుగు దాటింది. మున్వర్ కాగితం పంపు దిమ్మె మీద పరిచి, గుడ్డ కట్టిన చేత్తో కలం పట్టుకుని ఆగాడు.

"ఏం మామా, అట్ల జూస్తావు? మొదుట్నుంచీ కడదాకా నీవే గదా చేసింది?"

బసప్ప నిలదొక్కుకోవడానికి పైపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు అరచేతి కింద పైపు అదిరింది. పిడి ఎవరూ ముట్టలేదు. నేల లోపలెక్కడో ఇనుము ఇనుమును పట్టింది. టక్... మెల్లగా, ఓపికగా, ఇంకో పావు చుట్టు. పని తెలిసినవాడు అయిపోయాక కూడా ఒకసారి బిగించి చూసుకుంటాడే, అలా.

"ఏంది మామా?"

బసప్ప పైపు మీదనుంచి చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"ఏం ల్యా ఉస్తాద్," అన్నాడు. "టైమైతాంది. సంతకం పెట్టు."