తొమ్మిదో గీత

ఆ ఆసుపత్రిలో తొమ్మిదో బెడ్డుకి మంచి పేరు లేదు. అందులో పడుకున్నవాళ్లు పోతారని కాదు, చావు ఏ బెడ్డు మీదైనా వస్తుంది. పోయిన తర్వాత కూడా వాళ్ల గుండె కొట్టుకునేదట!

గుండె గీతలు చూసే గది కింది అంతస్తులో. కిటికీ కూడా లేదు. పైన వార్డులో రోగి ఛాతీకి తీగలంటించి, మెడలో బెడ్డు నంబరున్న చిన్న పెట్టె వేలాడదీస్తారు. కింద తెర మీద ఆ నంబరు గీత కదుల్తుంది. గీత తేడా చేస్తే పైకి ఫోన్ చెయ్యాలి. రాత్రిళ్లు ఆ పని చేసే పిల్లని అందరూ గీతలమ్మాయి అనేవాళ్లు.

చేరిన కొత్తలోనే సీనియర్ ఆమె చెవిలో ఓ మాట వేశాడు.

"బెడ్డు ఖాళీగా ఉన్నా తొమ్మిదో గీత ఒక్కోసారి లేస్తుంది. హడావిడిగా ఫోన్లు చేసి తిట్లు తినకు. వాడెవడో చచ్చినా డ్యూటీ దిగడు!"

అప్పటికి నవ్వేసింది. కానీ అటు చూడాలంటే ఒళ్లు జలదరించేది.

ఆవేళ తొమ్మిదో బెడ్డులో ముసలాయన సాయంత్రమే పోయాడు. గీత చదునవడం ఆమె కళ్లారా చూసింది. తెర మీద ఆయన పేరు చెరిపేసింది కూడా.

రాత్రి ఒంటిగంటకి… ఆ గీత లేచింది.

వెంటనే పైకి ఫోన్ చేసింది. "సిస్టర్… తొమ్మిదో బెడ్డులో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా. పక్క కూడా మార్చేశాను."

గీత మాత్రం ఆగలేదు. మూడు దాటాక తడబడటం మొదలెట్టింది. ఒక దెబ్బ… ఎంతకీ ఇంకోటి లేదు… మళ్లీ ఒకటి. అలారం కుయ్యిమంది. మళ్లీ ఫోన్.

"మళ్లీ అదేనా? వార్డు నిండిపోయి, ఆ బెడ్డేమో ఎవరూ వద్దంటే, వరండాలో పడుకోబెడుతున్నాం ఇక్కడ. నీ దెయ్యాన్ని నువ్వే చూసుకో!"

అలారం నొక్కి ఆపేసింది. కుర్చీ గోడకేసి తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

తిరిగి చూసేసరికి — గీత చదును.

పీడ పోయిందనుకోవాలి కదా. అనుకోలేకపోయింది. మెట్లెక్కి పైకి పరిగెత్తింది.

తొమ్మిదో బెడ్డు నిజంగానే ఖాళీ. నలగని పక్క.

హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగింది. లిఫ్టు పక్కన వరండాలో ఒక స్ట్రెచర్. దాని మీద నడివయసు మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని, నేల మీద కూర్చున్న భార్య.

"మెల్లగా తల్లీ…" అంది ఆవిడ గుసగుసగా. "అర్ధరాత్రి తీసుకొచ్చాం. ఒకటే ఆయాసం. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

ఆయన మెడలో పెట్టె వేలాడుతోంది.

దాని మీద అంకె… తొమ్మిది.

పోయినవాడి పెట్టె తుడిచి ఎవరో ఈయన మెడలో వేశారు. కింద గదికి చెప్పడం మరిచారు. ఎప్పుడూ జరిగేది అదే.

గీతలమ్మాయి ఆయన మణికట్టు పట్టుకు చూసింది. వేళ్ల కింద ఏమీ లేదు.

"సిస్టర్!" — ఆ కేకకి వార్డు వార్డంతా ఉలిక్కిపడింది.

"అయ్యో, అరవకమ్మా!" అంది భార్య, ఆయన చెవి మీద చెయ్యి అడ్డం పెట్టి. "లేస్తాడు…"