వేలి నడక

గుత్తుల శశిధర్ మొదలుపెట్టినప్పుడు అతని చేతిలో ఉన్నవి ముప్పై ఎనిమిది వేల రూపాయలు, కాకినాడ మెయిన్ రోడ్డులో కుర్చీ వేస్తే నిండిపోయే సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. ఆరేళ్ళు తిరిగేసరికి రాష్ట్రంలో ఎవరు ఫోన్ తెరిచినా ముందు అతని ప్రోగ్రామే మేలుకుంటోంది.

కనిపెట్టిన సంగతి చిన్నదే. పగిలిన స్క్రీన్లు మార్చీ మార్చీ అతను ఒకటి గమనించాడు: అద్దం మీద పిల్లల వేలు నడిచే తీరు వేరు. ఎంత గట్టిగా నొక్కుతుంది, ఎంతసేపు ఆగుతుంది, ఎటు జారుతుంది, ఇలా అరవై నాలుగు కొలతలు తీస్తే ఆ వేలికి పదహారేళ్ళు నిండాయో లేదో తేలిపోతుంది. పేరు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు, ఏ కార్డూ చూపించక్కర్లేదు. ఇంటర్నెట్‌లో పిల్లల మీద జరుగుతున్న ఘోరాలకు మందు వెతుకుతున్న ప్రభుత్వం దాన్ని కళ్ళకద్దుకుంది. బాలరక్ష చట్టం వచ్చింది. వేలు పిల్లలదైతే పెద్దల సైట్లు తెరుచుకోవు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మెసేజీలు రావు.

అరవై నాలుగు కొలతలూ ఒకేలా ఉండే మనుషులు ఇద్దరుండరని శశిధర్‌కి మొదటి రోజే తెలుసు. కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాడు కూడా. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ప్రభుత్వమే అడిగింది, తప్పిపోయిన పిల్లల్ని దీంతో పట్టుకోవచ్చా అని. ప్రతి పిల్ల కొలతల పక్కనా అమ్మానాన్నల పేర్లు చేరిస్తే పట్టుకోవచ్చన్నాడు. నిరుడు రెండు వందల పన్నెండు మంది దొరికారు. ఈ వారం నుంచి తల్లిగానీ తండ్రిగానీ "మా పిల్ల ఎక్కడ?" అని ఫోన్‌లో అడిగితే చాలు, ఆ పిల్ల ఆఖరిసారి ఏదైనా ఫోన్ మీద వేలు పెట్టిన చోటు మ్యాపులో కనిపిస్తుంది.

ఆ సోమవారం పొద్దున మంగతాయారు అనే ఆవిడ తొమ్మిదేళ్ళ కూతుర్ని వెంటపెట్టుకుని, మూడో అంతస్తులో ఉన్న అతని గదికి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో పని. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"ఇది చేసింది మీరేనంట గదండీ" అంటూ ఫోన్ బల్ల మీద పెట్టింది. "కొత్త ఫోను, కొత్త సిమ్ము. పక్కింటావిడ పేరు మీద తీసుకున్నాను. తుని నుంచి వచ్చేసి ఐదు నెలలైంది. ఇవాళ పొద్దున్నే ఇదొచ్చింది. చదవవే, పండూ."

పిల్ల గుక్క తిప్పుకోకుండా చదివింది. "మీ బిడ్డ క్షేమంగా ఉంది. జగన్నాథపురం, కాకినాడ. ఈ సమాచారం తండ్రిగారికి అందజేయబడింది."

"ఫోన్ మీరే వాడతారా అమ్మా?"

"నాకు అక్షరం ముక్క రాదండి. గ్యాసు బుక్ చేసినా, కరెంటు బిల్లు కట్టినా, అంతా ఇదే" అంది ఆవిడ, పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి. ఆ చెప్పడంలో గర్వం ఉంది.

శశిధర్ ఫోన్ అద్దం మీది చిన్న వేలి మరకలు చూశాడు. "మీ ఆయనకి దొరికితే?"

"ఈసారి దొరికితే ఇద్దర్నీ ఉప్పుటేట్లో తొక్కేస్తానన్నాడు. అన్నమాట తప్పడండి. ఆ ఒక్క గుణం ఉంది."

"కేసు పెట్టారా?"

"చెయ్యి విరిగినప్పుడు డాక్టరుగారు అడిగారు. మెట్ల మీంచి జారానని చెప్పానండి. మాది పూరిల్లు. మెట్లెక్కడివి?"

ఒక పిల్ల రికార్డు తీసేయాలంటే రెండు తాళాలు కావాలి. ఒకటి శశిధర్‌ది, రెండోది బాలరక్ష అధికారి వసుంధరది. ఆమెకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"కోర్టు కాగితం ఉందా, శశీ?"

"లేదు మేడమ్."

"మరి రికార్డులో ఆయన తండ్రి. పిల్లని చెప్పకుండా తీసుకొచ్చింది ఆవిడ. అర్జీ పెట్టమను, ఇరవై ఒక్క పనిరోజుల్లో చూస్తాం."

"తుని అరవై కిలోమీటర్లే మేడమ్."

"ఏడ్చినవాళ్ళందరికీ తీసేస్తూ పోతే, రేపు నిజంగా ఎత్తుకుపోయినవాడూ వచ్చి ఇలాగే ఏడుస్తాడు. నిరుడు ఆ పిల్లల్ని దొరికించింది నువ్వేగా?"

ఆమె మాటలో తప్పు వెతికాడు. దొరకలేదు.

ఫోన్ పెట్టేసి తండ్రి ఎప్పుడెప్పుడు అడిగాడో తెరిచి చూశాడు. ఎనిమిదీ రెండుకి. ఎనిమిదీ మూడుకి. తొమ్మిదీ నలభైకి. బయల్దేరి ఉంటే ఈపాటికి జగన్నాథపురం సందుల్లో తిరుగుతుంటాడు. చూస్తుండగానే కింద ఇంకో గీత పడింది. పదీ ముప్పై ఒకటి. దాని పక్కన జగన్నాథపురం లేదు. ఈ బిల్డింగు పేరు ఉంది.

శశిధర్ వెనక్కి తిరిగాడు. పండు కిటికీ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం చేశావమ్మా?"

"ఆటో బుక్ చేశానంకుల్. అమ్మే చెయ్యమంది."

అతను ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేశాడు. "ఇక నువ్వు ఫోన్ ముట్టుకోకూడదు. అమ్మదే కాదు, ఎవరిదీ."

"ఎన్నాళ్ళు?"

తొమ్మిది నుంచి పదహారు, ఏడేళ్ళు. శశిధర్ మనసులోనే లెక్క వేసుకుని కంప్యూటర్ వైపు తిరిగాడు.

"మరి అమ్మకి ఎవరు చదివిపెడతారు?" అంది పండు.

రికార్డు అతను ఒక్కడూ తీయలేడు. కొలతల బిగింపు మాత్రం అతని ఒక్కడి చేతిలోనే ఉంది. అరవై నాలుగింట్లో అరవై కలిస్తేనే యంత్రం అదే పిల్ల అనుకుంటుంది. అరవైని నలభైకి దించితే ఒక్కో పిల్లా మ్యాపులో మూడు వందల చోట్ల కనిపిస్తుంది. పండు దొరకదు. ఎత్తుకుపోయిన పిల్లలూ దొరకరు. నిరుటి లెక్కన నెలకి పద్దెనిమిది మంది.

బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. రిసెప్షన్‌లో అమ్మాయి.

"సార్, ఒకాయన వచ్చారు. వాళ్ళ పాప మన బిల్డింగులోనే ఉందని ఫోన్ చూపిస్తున్నారు. పాపకోసం కాజాల పొట్లం కూడా తెచ్చారు, పాపం. పైకి పంపనా?"

మంగతాయారుకి ఆ మాటలు వినబడ్డాయి. పిల్ల నోటి మీద చెయ్యి పెట్టి గోడకి అతుక్కుపోయింది.

"వద్దు. కూర్చోబెట్టి టీ ఇవ్వమ్మా. నేనే కిందికి వస్తున్నా" అన్నాడు శశిధర్. తల్లీబిడ్డల్ని నడవా చివర సరుకుల లిఫ్టులోకి ఎక్కించి, చెప్పుల చప్పుడు కాకుండా పరిగెత్తుకొచ్చాడు. కంప్యూటర్‌లో అరవై కొట్టేసి నలభై వేశాడు.

"ఈ మార్పు నలభై ఒక్క లక్షల మంది పిల్లలకు వర్తిస్తుంది. కొనసాగించాలా?" అని అడిగింది యంత్రం.

కారిడార్లో పెద్ద లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు వినిపించింది. శశిధర్ 'అవును' మీదికి వేలు తెచ్చాడు.