బొట్టు పడే వాల్వు

కైకలూరులో ఉదయం ఆరైంది. వాకిట్లో నిలిపిన కారవాన్ వెనక గొట్టం పట్టుకుని కూర్చుంది తేజస్వి. కొల్లేటి పక్షుల్ని చూడవచ్చేవాళ్లను ఆ బండిలోనే తిప్పుతుంది. వాళ్ల వంటా స్నానమూ పడకా అందులోనే. పదింటికి ఏలూరు స్టేషన్లో ఒక జంట చంటిబిడ్డతో దిగుతుంది. ఈలోగా బండిలోని గ్యాస్ గీజరు ట్యాంకు కడగాలి. ఇక్కడి ఉప్పునీళ్లకు మూణ్ణెల్లకే లోపల గార కడుతుంది.

తల్లి అచ్చమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గీజరు ఎప్పటికైనా పేలుతుందని ఆమె భయం. బండి అమ్మేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమని ఏడాదిగా పోరుతోంది. ఈ ఉదయమూ అదే మాట.

"గ్యాసు కట్టేశాను, నీళ్లు చల్లారాయి. వచ్చి చూడమ్మా."

"నేను రాను. నువ్వూ దానికి మొహం అడ్డం పెట్టకు."

నవ్వుతూ వంగిన తేజస్వి సేఫ్టీ వాల్వు దగ్గర ఆగిపోయింది. దాని మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పైన ఇనుప తీగ బిగించి ఉంది.

"ఇదెవరు కట్టారమ్మా?"

తనేనంది అచ్చమ్మ. నిన్న బండి వచ్చినప్పుడు అక్కడ బొట్లు కారుతున్నాయట. వైర్ల మీద పడితే కూతురికి షాక్ కొడుతుందని, భయపడుతూనే వెళ్లి వంటింటి కుళాయికి కట్టినట్టే కట్టిందట.

తేజస్వి తల్లి వైపు తిరిగింది.

"లోపల ప్రెజర్ పెరిగితే బయటికి పోయే దారి అదొక్కటే. అందుకే వేడెక్కినప్పుడు ఒకటీ అరా బొట్టు కారుతుంది. చూసుకోకుండా వెలిగించుంటే నువ్వు భయపడేదే జరిగేదమ్మా."

అచ్చమ్మ గ్లాసు గుమ్మం మీద పెట్టేసింది. చంటిబిడ్డ ఎక్కబోయే బండి. ముడి వేసింది తన చేతులే. కూతురు అరిచినా బాగుండుననిపించింది. తేజస్వి అరవలేదు, కటింగ్ ప్లేయర్ అందించి, నువ్వే విప్పమంది.

అప్పుడు గుమ్మం దిగింది అచ్చమ్మ. కళ్లనీళ్లలో తీగ సరిగా కనపడక ప్లేయర్ రెండుసార్లు జారింది. ఆపైన తల్లీ కూతుళ్లు కలిసే ట్యాంకు ఖాళీ చేశారు. తెల్లటి గార పెచ్చులు కాళ్ల మీద పడ్డాయి. వెనిగర్ నీళ్లు నింపి, నానబెట్టి, మంచినీళ్లతో రెండు దఫాలు కడిగారు. వాల్వు పనిచేస్తోందో లేదో చూడటానికి దాని మీట ఎత్తి వదలడం అచ్చమ్మ కూడా నేర్చుకుంది.

మధ్యాహ్నం కూతురి ఫోనొచ్చింది. బిడ్డకు వేడినీళ్ల స్నానం అయిందట, నిద్రపోయాడట.

"బొట్టు పడుతోందా?"

"ఒకటీ అరా పడుతోందమ్మా."

అచ్చమ్మ ఊపిరి పీల్చుకుంది.

"పడనీలే. దాని పని అది చేస్తోంది."