ఐసాయన సాక్సులు

తెల్లవారుతుండగా గేటు గడియ చప్పుడైంది. మిషనమ్మ దుప్పట్లోనే కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. సైకిలు గోడకి ఆనింది. బూట్లు కింద పడ్డాయి. పెరట్లో పంపు తిరిగింది. ఆ తర్వాత అడుగులు లోపలికి వచ్చి, పడకగది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, రోజూలాగే వెనక్కి తిరిగి ముందుగదిలోకి వెళ్ళిపోయాయి. అక్కడి మడతమంచం కిర్రుమంది.

వీధిలో అందరికీ ఆయన ఐసాయన. చేపల మార్కెట్టుకి తెల్లారేలోగా ఐసు అందించే ఫ్యాక్టరీలో రాత్రిపని. ఆవిడ మిషనమ్మ. వసారాలో కుట్టుమిషను పెట్టుకుని వీధివాళ్ళ బట్టల్లో బిగుతువి వదులు, వదులువి బిగుతు చేసి పెడుతుంది. ఆయన ఇంటికొచ్చే వేళకి ఆవిడ లేవాలి. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ అలారం పెట్టుకున్న రోజు లేదు. ఆయన కాళ్ళే అలారం. రాత్రంతా రబ్బరు బూట్లలో నాని, ఐసు మీద నిలబడి వచ్చిన ఆ పాదాలని కడుక్కుని, దుప్పటి చివర ఎత్తి, నిద్రలో వెచ్చగా ఉన్న ఆవిడ పాదాల మీద పెట్టేసేవాడు.

"అమ్మో! ఐసు దిమ్మలండీ బాబూ ఇవి, కాళ్ళు కావు! తీయండి ముందు!" అని ఆవిడ అరిచేది.

"నా ఇంటికి నేనొచ్చానని నీకు తెలియొద్దూ?" అని ఆయన నవ్వేవాడు. తీసేవాడు కాదు. తీయాలని ఆవిడకీ ఉండేది కాదు.

ఏడాది క్రితం ఆవిడకి షుగరు బయటపడింది. కొద్దిరోజులకే ఆయన పడక ముందుగదికి మారింది. "నేనొచ్చే వేళకి నీ నిద్ర చెడుతోందే" అన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయింది పిచ్చిది. తర్వాత సాక్సులు వచ్చాయి. పడుకుంటే సాక్సులు, లేస్తే సాక్సులు, ఎండలు మండిపోతున్నా సాక్సులే. ఆయన తువ్వాలు వేరయింది, సబ్బు వేరయింది, స్నానాలగది ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా వేరయింది. తన సాక్సులు తనే ఉతుక్కుని నీళ్ళ ట్యాంకు వెనక ఎవరికీ కనపడకుండా ఆరేసుకునేవాడు. ఆవిడ లెక్క ప్రకారం ఇక వేరు కావలసింది పొయ్యి ఒక్కటే.

"అమ్మా, గమనించావా? నాన్న ఈమధ్య రోజూ ఆలస్యంగా వస్తున్నాడు" అంది కూతురు, టీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వస్తూ. ఆ పిల్ల బస్టాండులో టిక్కెట్లిచ్చే ఉద్యోగం చేస్తోంది, నోరు ఊరుకోదు. "ఫ్యాక్టరీలో ఎవరైనా ఐసుభామ తగిలిందేమో చూసుకో."

మిషనమ్మ నవ్వలేదు. సూదిలోకి దారం ఎక్కించబోయి, ఎక్కక, దారాన్ని విసిరేసింది.

"నేను సరదాకన్నానే అమ్మా."

"నువ్వు సరదాకే అన్నావు. జబ్బు మనిషి పక్కన పడుకోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది? నేను తాకిన పట్టా మీద కాలు కూడా పెట్టట్లేదు మీ నాన్న. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"నాన్న అలాంటివాడు కాదు. నోరు తెరిచి అడగొచ్చుగా?"

"ఏమని అడగను? మీ చల్లటి కాళ్ళు కావాలండీ అని అడగనా, ఈ వయసులో?"

అనేసిన తర్వాత ఆవిడకే సిగ్గేసింది. మొహం మిషను మీదకి వంచేసి గబగబా తొక్కడం మొదలుపెట్టింది. అమ్మాయి తల్లి భుజం మీద కాసేపు చెయ్యి ఉంచి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆవిడ కుట్టిన కుట్లు వంకరగానే పడ్డాయి.

మర్నాడు ఇంకా మసకగా ఉండగానే లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఫ్యాక్టరీకి బయల్దేరింది. ఏమడగాలో తెలియదు. ఏం చూడాల్సొస్తుందో అసలే తెలియదు. ఫ్యాక్టరీ గేటు దాటి నాలుగడుగులు వేశాక వెనక నుంచి కాపలా అతను పిలిచాడు. "అమ్మా, మీ చెప్పు ఇక్కడే బురదలో ఉండిపోయిందమ్మా!" చూసుకుంటే నిజమే, ఒక కాలికి చెప్పు లేదు. మనసు మనసులో లేకపోతే ఇంతే అనుకుంది.

లోపల ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టి పక్కన నేలంతా తడి. ఖాళీ డబ్బాలు వరసగా బోర్లించి ఉన్నాయి. పని ముగించినవాళ్ళు బయట టీ బండి చుట్టూ మూగారు. వాళ్ళలో ఆయన లేడు. ఐసు నలగ్గొట్టే మిషను వెనక్కి తొంగిచూసింది. చెక్కపెట్టె మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండు పాదాలూ నలగ్గొట్టిన ఐసు తొట్టిలో చీలమండల దాకా ముంచి, పంటి బిగువున చలి ఓర్చుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమండీ!"

ఉలిక్కిపడి పాదాలు బయటికి లాగాడు. అప్పుడు చూసిందావిడ. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ మందంగా, పసుపుపచ్చగా తయారై, అంచులు పొట్టులా రాలిపోతున్నాయి. ఒకటైతే సగం పైకి లేచిపోయింది. పక్కవేళ్ళకీ పాకుతోంది.  ఆవిడ తడి అని కూడా చూడకుండా నేల మీద కూలబడి ఆ పాదాల కోసం చేతులు చాపింది.

"ముట్టుకోకు!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా అరవడం ఆవిడెప్పుడూ వినలేదు. అన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"ముట్టుకోను లెండి! నేను ముట్టుకుంటే మీకు మైల అంటుకుంటుంది కదా! షుగరు నేను కావాలని తెచ్చుకున్నానా? గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు రోజూ. నిద్రపోతున్నాననుకుంటున్నారేమో, ఒక్కరోజు కూడా నిద్రపోలేదు నేను. మీ అడుగులు లోపలికొస్తాయేమోనని... ఈ ఒక్కరోజైనా వస్తాయేమోనని..."

మాట పూర్తికాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"నీకోసమేనే పిచ్చిదానా" అన్నాడు ఐసాయన. "ఆవేళ ఆసుపత్రిలో నువ్వు రక్తం ఇస్తుంటే నేను బయట కూర్చున్నా. గోడ మీద బొమ్మ ఉంది. షుగరున్న మనిషి కాలు. చిన్న పుండు ముదిరి వేళ్ళు తీసేశారు. గోళ్ళ జబ్బులు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి, షుగరున్నవాళ్ళు జాగ్రత్త అని కింద రాసుంది. అప్పటికే నా బొటనవేలు ఇలా ఉంది. బూటు ఒత్తిడికి అనుకున్నాను. అది చదివాక నా కాళ్ళంటే నాకే భయమేసింది. వీటిని రోజూ నీ కాళ్ళ మీదే కదా పెడుతున్నాను!"

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే ఏం చేసేదానివి? ఇదిగో, ఇప్పుడు చేయబోయిందే చేసేదానివి. ఒళ్ళో పెట్టుకుని కడిగేదానివి."

ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. అవింకా ఆయన పాదాలవైపే చాపి ఉన్నాయి. 

"పోనీ డాక్టరుకి చూపించుకోవచ్చుగా. ఈ ఐసు ఏమిటి?"

ఐసాయన తల దించుకున్నాడు. "ఐసులో పెడితే చేప కుళ్ళదు కదా. ఇదీ ఆగుతుందేమో అనుకున్నాను."

ఆవిడకి ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. "చేపా మీరు? లేవండి. ముందు ఆ కాళ్ళు తుడుచుకోండి. నేను ముట్టుకోనులే, మీరే తుడుచుకోండి."

చర్మం డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాట మాత్రం గట్టిది. ఆయన గోళ్ళని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, కొంచెం కత్తిరించి, గోరు కింది పొట్టు గీకి పరీక్షకి పంపింది. మందమైన ప్రతి గోరూ ఫంగస్ కాదని, దెబ్బ తగిలినా అలా అవుతుందని, పరీక్షలో తేలకుండా నెలల తరబడి మందులు మింగించనని చెప్పింది. ఫంగసే అని తేలింది. లివరు బాగుందో లేదో రక్తపరీక్ష చేయించి మాత్రలు రాసింది. ఐసు సంగతి వినగానే తల పట్టుకుంది.

"చల్లదనానికి అది చావదండీ. ముడుచుకుని పడుకుంటుంది. మీరు తడికాళ్ళకి సాక్సులు తొడగ్గానే హాయిగా లేచి కూర్చుంటుంది. వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి. పాత బూట్లు పారేయండి. రెండు జతలు పెట్టుకుని ఒకటి ఆరుతుంటే ఇంకోటి వేసుకోండి. గోళ్ళ కత్తెర, తువ్వాలు వేరుగా ఉంచుకున్నారు, మంచిపనే."

"మరి మంచం?" అని అడిగేసింది మిషనమ్మ. అడిగి నాలుక కరుచుకుంది.

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "మంచం వేరక్కర్లేదమ్మా. గోళ్ళు బాగయ్యేదాకా శుభ్రమైన నూలు సాక్సులు వేసుకుని పడుకుంటే చాలు. కాకపోతే కాలిగోరు మొదటి నుంచి చివరికి పెరగాలంటే ఏడాది పైనే పడుతుంది. మధ్యలో మందు మానకూడదు. ఏదీ, మీ కాళ్ళు కూడా చూడనివ్వండి."

డాక్టరమ్మ ఆవిడ వేళ్ళ సందులన్నీ వెతికి చూసింది. జబ్బు అంటలేదు. ఐసాయన హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. "కళ్ళు మూసుకోండి. ఈ దారం మీ పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి" అంది డాక్టరమ్మ. మిషనమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు ఎదురుచూసింది.

"ఇంకా మొదలుపెట్టలేదాండీ?"

 కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ చేతిలోని దారం రెండో పాదం మడమ దగ్గర ఉంది. ఆ వెనక ఆయన మొహం పాలిపోయి ఉంది.

"రెండు పాదాలూ అయిపోయాయమ్మా" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "షుగరు వల్ల వేళ్ళకీ అరికాళ్ళకీ స్పర్శ తగ్గింది. పైన పిక్కలకి బాగానే ఉంది. షుగరు అదుపులో పెట్టుకుంటే పైకి పాకకుండా చూసుకోవచ్చు. రోజూ పాదాలు ఎవరైనా పరీక్షగా చూడాలి."

"నేను చూస్తాను" అన్నాడు ఐసాయన వెంటనే. బురదలో ఉండిపోయిన చెప్పు అప్పుడు గుర్తొచ్చింది మిషనమ్మకి.

ఆ రోజే మడతమంచం మడతపడి తలుపు వెనక్కి చేరింది. ఆయన పక్కకొచ్చాడు, సాక్సులతోనే అయినా వచ్చాడు. పొద్దున్నే ఆవిడ పాదాలు వెలుతురులోకి లాక్కుని గీత పడిందా, బొబ్బ లేచిందా అని చూసేవాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆయన గోళ్ళు చూసేది. గోరు మొదట్లో వెంట్రుకంత మేర కొత్త గోరు గులాబీ రంగులో కనిపించిన రోజున వీధంతటికీ వినపడేలా కేకేసింది. ఆయన మాత్రలు చేదని మొరాయిస్తే అమ్మాయి కండక్టరులా గదమాయించి మింగించేది.

అంతా బాగానే ఉంది. కానీ ఆవిడ మనసులో ఒక దిగులు పురుగులా తొలుస్తూనే ఉంది. ఆయన పాదాలు సాక్సుల్లోంచి బయటికొచ్చేసరికి, వాటిని గుర్తుపట్టడానికి తన పాదాల్లో స్పర్శ మిగిలి ఉంటుందా? ఎదురుచూసి ఎదురుచూసి చివరికి చుట్టం వచ్చేసరికి తలుపు తీసేవాళ్ళే లేకపోతే ఎలా? ఈ మాట ఎవరితో అనగలదు? మిషను తొక్కుతున్నప్పుడు పాదం కింద ఇనుము తగులుతోందా అని ఆగి ఆగి చూసుకునేది. తగిలినట్టే ఉండేది, తగలనట్టూ ఉండేది.

చెట్లు ఆకులు రాల్చి మళ్ళీ చిగిర్చాయి. డాక్టరమ్మ ఆయన గోళ్ళని దీపం కింద మళ్ళీ తిప్పి చూసి, ఇక మాత్రలు చాలంది. "సాక్సులు?" అని అడిగాడు ఐసాయన. "విప్పేయండి" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా గేటు గడియ చప్పుడైంది. మిషనమ్మ కళ్ళు మూసుకుంది. సైకిలు గోడకి ఆనింది. పంపు తిరిగింది. ఆ తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడని ఆవిడకి తెలుసు. అడుగులొచ్చాయి. గుమ్మం దగ్గర ఆగలేదు. దుప్పటి చివర లేచింది. 

పాదాల మీద బరువు పడింది. చల్లదనం కోసం ఎదురుచూసింది. రాలేదు. బరువు ఒక్కటే ఉంది, ఎక్కడో దూరంగా. మూసుకున్న కళ్ళ వెనక నీళ్ళు ఊరాయి. అయినా ఆయనకి తెలియనివ్వకూడదనుకుంది.

"అమ్మో! ఐసు దిమ్మలండీ బాబూ! తీయండి ముందు!" అంది, గొంతులోకి పాత కేక తెచ్చుకుని.

ఆయన నవ్వలేదు. డాక్టరమ్మ దారాన్ని ఆయన మర్చిపోలేదు. తర్వాత ఆ పాదాలు నెమ్మదిగా కదిలాయి. చీలమండలు దాటి, ఇంకా పైకి జరిగి, వెచ్చటి పిక్కల మీదకొచ్చి గట్టిగా ఆనుకున్నాయి.

"అమ్మమ్మమ్మా!" మిషనమ్మ ఎగిరి మంచం మీద కూర్చుంది. ఆ చలి వెన్నులోకి జివ్వున పాకింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఆయన భుజం మీద దబదబా బాదుతోంది. ఆయన పాదాలు మాత్రం తీయలేదు.

పక్కగదిలోంచి అమ్మాయి కంగారుగా అరిచింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదే! మీ నాన్న ఇంటికొచ్చారు!"