దిగిరాని పావురాలు

మండిబజార్‌లో కాశిఫ్ పావురాల పిచ్చి తెలియనివాళ్లు లేరు. పెళ్లాన్ని ఒకసారి పిలిస్తే పావురాలను పదిసార్లు పిలిచే రకం. సాయంత్రం డాబా ఎక్కి, విరిగిన ముందుపన్ను సందులోంచి ఈల వేస్తే చాలు, ఇరవై ఒక్క పావురాలూ జొన్నల కోసం దిగివచ్చేవి. ఆ ఈల ఇంకెవరికీ పట్టుబడలేదు.

వర్ధన్నపేట దగ్గర బండితో సహా కల్వర్టు కిందికి పడి, పదకొండు రోజులు దవాఖానలో ఉండి, మొన్ననే ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి పావురాలు అతని దగ్గర వాలలేదు. అతను పైకెక్కగానే పక్కింటి నీళ్ల ట్యాంకు మీదికి పోయి, మెడలు వంచి చూసేవి.

భార్య గుల్నాజ్‌కు భయం పట్టుకుంది. అత్త ఫాతిమా బేగం కొట్టిపారేసింది.

"పిట్టలకేం తెలుస్తది బిడ్డా? శనగగింజంత మెదడు. కన్నతల్లిని, నా కొడుకు నాకు తెల్వదా?"

నిజమే. ముఖం అదే, గొంతు అదే. వేలు పెడితే ఫోన్ కూడా తెరుచుకుంది. మనుషులకు ఇంతకంటే ఏం రుజువు కావాలి? కానీ చొక్కా మార్చినా, గడ్డం పెంచినా పావురం మనిషిని మరిచిపోదని కాశిఫే ఎన్నోసార్లు చెప్పాడు. గుల్నాజ్ ఆ అనుమానాన్ని మింగలేక కక్కలేక ఉండిపోయింది.

శుక్రవారం సాయంత్రం మగ్రిబ్ నమాజుకు ముందు అతని వెంట డాబా ఎక్కింది. రెట్టల వాసన. ఎక్కడి నుంచో ఎండుమిర్చి ఘాటు. గూళ్లు ఖాళీ... ట్యాంకు మీదా ఒక్కటి లేదు.

"జర ఈల వెయ్యండి," అంది మెల్లగా.

అతను పెదవులు ముడిచాడు. ఉత్త గాలి వచ్చింది.

"దెబ్బ తగిలింది కద... మర్చిపోయిన."

నవ్వాడు. పన్ను సందు అట్లాగే ఉంది.

ఆమె ఫోన్ మోగింది. కాశిఫ్ దోస్తు, ఆటో నడిపే సమద్.

"భాబీ, మీ పావురాలన్నీ వర్ధన్నపేటల ఉన్నయ్... ఆ కల్వర్టు కింద. కాళ్లకు మీరు కట్టిన ఆకుపచ్చ దారాలే. జొన్నలు తింటాన్నయ్. ఎవరేసిన్రో... మనిషి కనబడుతలేడు."

గుల్నాజ్ భుజం మీద చెయ్యి పడింది.

"ఎవరు?"

ఆమె ఫోన్ చెవికి అదుముకుంది. సమద్ గొంతు వెనకాల, దూరంగా... ఈల.

పన్ను సందులోంచి వచ్చే ఈల.

అంతలోనే ఫోన్‌లో రెక్కల టపటప.

ఫోన్ ఆమె చెవికే ఉంది, అతనికి వినబడే వీల్లేదు. అయినా భుజం మీది వేళ్లు బిగిశాయి.

"పెట్టెయ్," అన్నాడు వెనకున్న మనిషి, అచ్చం కాశిఫ్ గొంతుతో.